క్యాజిల్టన్ టవర్ డైరీ: మూడో పిచ్ కోసం గ్యారేజీలో కట్టిన చీలిక

జనవరి, సంక్రాంతి అయ్యాక

ఈ ఏడాది ప్రాజెక్టు ఏదో తేలిపోయింది కాబట్టి రాసి పెట్టుకోవడం మొదలుపెడుతున్నా. యూటా రాష్ట్రంలో మోయాబ్ ఊరికి దగ్గర్లో క్యాజిల్ వ్యాలీ అని ఒక లోయ ఉంది. దాని ఈశాన్యపు అంచు మీద ఒంటరిగా నిలబడి ఉండే ఇసుకరాయి స్తంభమే క్యాజిల్టన్ టవర్. ఎత్తు 400 అడుగులు. అయితే అది నేల మీద నుంచి మొదలవదు, రాళ్లూ మట్టీ కలిసిన వెయ్యి అడుగుల గుట్ట నెత్తి మీద నుంచి మొదలవుతుంది, అంటే తాడు బయటికి తీసేలోపే కాళ్లు సగం ఖర్చయిపోతాయి. మేం ఎక్కాలనుకుంటున్నది దక్షిణం వైపు దారి, పేరు కోర్-ఇంగల్స్. లేటన్ కోర్, హంట్లీ ఇంగల్స్ 1961 సెప్టెంబరులో ఈ టవర్‌ని మొట్టమొదట ఎక్కింది ఈ దారిలోనే. కోర్ వృత్తి తాపీపని, మనిషి బాగా పొడుగు. ఆ పొడుగు గురించి చదివినప్పుడల్లా నాకు కొంచెం అసూయ.

నాలుగు పిచ్‌లు, అంటే తాడు పొడుగుని బట్టి ఎక్కే దారిని నాలుగు భాగాలు చేశారు. కష్టాన్ని చెప్పే అంకె, అంటే గ్రేడు, 5.9. మా జిమ్‌లో ప్లాస్టిక్ పట్టుల మీద 5.11 ఎక్కే పిల్లలు ఇది విని "అంతేనా అంకుల్?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో గ్రేడుల స్కేలు దాదాపు అక్కడికే అయిపోయేది, అప్పటి 5.9ని ఇప్పటి జిమ్ 5.9 అనుకుని వెళ్లినవాళ్లు ఎడారిలో ఏడ్చి వస్తారు. పైగా ఇక్కడి కష్టానికి వేళ్ల బలంతో పెద్దగా సంబంధం లేదు, అంతా వెడల్పుతోనే.

ఎలాగంటే, ఈ టవర్ల గోడలు చాలా చోట్ల నున్నగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు, ఉన్న ఆధారమల్లా నిలువు చీలికే. సన్న చీలికైతే వేళ్లు దూర్చాలి. కాస్త వెడల్పయితే అరచేయి దూర్చి బొటనవేలిని లోపలికి మడిస్తే చెయ్యి లావై బిగుసుకుంటుంది, దాన్ని హ్యాండ్ జామ్ అంటారు. ఇంకాస్త వెడల్పయితే పిడికిలి. మరీ వెడల్పయితే మనిషే లోపలికి దూరి, వీపు ఒక గోడకి, కాళ్లు ఇంకో గోడకి తన్ని ఎక్కొచ్చు. ఈ రెండింటికీ మధ్యలో ఒక దిక్కుమాలిన కొలత ఉంది, పిడికిలికి పెద్దది, మనిషికి చిన్నది. దాని పేరు ఆఫ్‌విడ్త్. కోర్-ఇంగల్స్ మూడో పిచ్ అదే. అది చాలదన్నట్టు అక్కడ రాతి మీద కాల్సైట్ అనే ఖనిజం తెల్లగా పొర కట్టి ఉంటుంది, ఇసుకరాయికి ఉండే గరుకు దానికి లేదు, బూటు జారుతుంది.

నేను పెరిగింది భువనగిరి గుట్ట నీడలో. అది ఏకశిల, గ్రానైట్. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కకముందు శిక్షణ మొదలుపెట్టింది కూడా ఆ గుట్ట మీదే. అక్కడ నేను నేర్చుకున్నదంతా ఒకటే, వాలు మీద అరికాలిని నమ్మి నిలబడటం. ఆ విద్య ఈ మూడో పిచ్‌లో కాణీకి కొరగాదు. చీలిక అనేది నాకు మొదటి నుంచి నేర్చుకోవాల్సిన సబ్జెక్టు.

పార్ట్‌నర్ మా బావమరిది. నాకంటే చిన్నవాడు, సన్నగా ఉంటాడు, అరచేయి నాకంటే పెద్దది. మొదటి రెండు పిచ్‌లు వాడు లీడ్ చేస్తాడు, అంటే తాడుతో ముందు ఎక్కుతాడు, మూడోది నేను. ఎందుకు నువ్వే అని మా ఆవిడ అడిగింది, సరైన సమాధానం ఇంకా దొరకలేదు.

జనవరి చివర

ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊళ్లో టామ్ రాండాల్, పీట్ విటేకర్ అని ఇద్దరు ఉన్నారు. ఇంటి కింద నేలమాళిగలో చెక్కతో చీలికలు కట్టుకుని, వాటిలో తలకిందులుగా వేలాడుతూ ప్రాక్టీసు చేసి, 2011లో యూటాకి వచ్చి సెంచరీ క్రాక్ అనే, ఇసుకరాయి పైకప్పులో తల మీదుగా అడ్డంగా పోయే చీలికని ఫ్రీగా, అంటే తాడు మీద బరువు వేయకుండా, ఎక్కేశారు. గ్రేడు 5.14బి, అది వేరే లోకం. ఎడారికి సముద్రం అవతల చెక్కతో పని జరిగిందంటే, డెన్వర్‌లో ఉంటూ దానికి ఆరు గంటల డ్రైవు దూరంలో ఉన్న నాకెందుకు జరగదు? గ్యారేజీ ఖాళీ చేయడం మొదలైంది.

సామాను: ఎనిమిది అడుగుల టూ బై ట్వెల్వ్ పలకలు రెండు. పేరుకి రెండు అంగుళాలే గానీ ఇక్కడి షాపుల్లో అమ్మే పలక నిజం మందం ఒకటిన్నర అంగుళం, వెడల్పు పదకొండుంబావు. ఆ వెడల్పే మన చీలిక లోతు అవుతుంది, మోకాలు దాకా కాలు లోపలికి పెట్టడానికి సరిపోతుంది. అర అంగుళం మందం ఉన్న మరల కడ్డీలు, నట్లు, వెడల్పాటి వాషర్లు. పలకలు రెండూ ఎదురెదురుగా నిలబెట్టి, కడ్డీలు రెండింటిలోంచీ దూర్చి, నట్లు తిప్పి దూరం మార్చుకోవాలన్నది ప్లాను. గైడ్ పుస్తకం మూడో పిచ్‌కి పెద్ద క్యాములు, అంటే చీలికలో బిగించి తాడుకి ఆధారంగా వాడే పరికరాలు, అడుగుతోంది కాబట్టి ఐదు అంగుళాలకి బిగించాను.

అసలు తలనొప్పి వంగడం దగ్గర వచ్చింది. ఆఫ్‌విడ్త్‌లో మనం గోడలని పక్కలకి తన్నుతూ నిలబడతాం, రాయి కదలదు గానీ చెక్క కదులుతుంది. కడ్డీలు వెనక అంచు దగ్గర ఉంటే, లోపల మోచెయ్యి బిగించగానే ముందు అంచు తెరుచుకుంటోంది, ఐదు అంగుళాలు కాస్తా ఐదున్నర అవుతోంది. కడ్డీని ముందుకి జరిపితే ఒంటికి అడ్డం. చివరికి పలకల బయటి వైపు టూ బై ఫోర్ ముక్కలు అడ్డంగా బిగించి, పైనా కిందా చెక్క ఫ్రేములో కట్టేసి, మధ్యలో ఒక్క కడ్డీ మాత్రం బాగా వెనక్కి ఉంచాను. ఇప్పుడు తొడతో తన్నినా కదలడం లేదు. మొత్తాన్ని గోడలోని నిలువు దూలాలకి బోల్టులతో బిగించాను, పైభాగం కొంచెం నా మీదికి వాలేలా.

లోపలి వైపు పెయింటు వేసి, తడి ఆరకముందే సన్న ఇసుక చల్లాను. ఒక పలకకి గరుకు ఎక్కువ, రెండోదానికి కావాలనే తక్కువ, కాల్సైట్ పొర అలవాటవ్వాలని.

మా ఆవిడ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "బాగుంది. మరి కారు ఎక్కడ పెడతావ్?"

ఫిబ్రవరి

ఒక వైపు భుజం లోపలికి పెట్టి పక్కగా దూరాలి. లోపలి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, అరచేయి ఒక పలకకి, భుజం వెనక భాగం రెండో పలకకి ఆనించి బిగించాలి. దీన్ని చికెన్ వింగ్ అంటారు, ఫొటో తీసి చూస్తే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. బయటి చెయ్యి ఛాతీ దగ్గర అంచుని తోస్తుంది. లోపలి కాలు మోకాలితో, తొడతో బిగుస్తుంది. బయటి కాలు మడమ ఒక గోడకి, వేళ్లు ఇంకో గోడకి, దాన్ని హీల్-టో అంటారు, మనిషిని పైకి లేపేది నిజానికి ఈ కాలే. బయటి కాలు నాలుగు అంగుళాలు పైకి, బిగించు, దాని మీద లేవు, మోచెయ్యి జరుపు, మళ్లీ మొదలు. ఎనిమిది అడుగుల చెక్క ఎక్కడానికి మొదట్లో ఎంత సేపు పట్టిందో రాయను.

ఊపిరి కూడా టెక్నిక్కే అని ఇక్కడే తెలిసింది. గాలి నింపుకుంటే ఛాతీ ఉబ్బి మనిషి బిగుసుకుంటాడు, అది రెస్టు. గాలి వదిలేస్తే సన్నబడి జరగగలం. భయం వేస్తే ఎవరైనా గాలి నింపుకుంటారు గదా, అందుకే ఆఫ్‌విడ్త్‌లో భయపడినవాడు ఇరుక్కుపోతాడు.

చర్మం సంగతి: మోచేతులకి ప్యాడ్లు, పొడుగు చేతుల చొక్కా, పాత జీన్సు, చీలమండలు కప్పే సాక్సులు. చేతి వెనక తెల్ల టేపు చుడితే రబ్బరు గ్లవ్సు కంటే రాయి బాగా తెలుస్తుంది, కానీ ఊడదీసేటప్పుడు వెంట్రుకలు పోతాయి. బావమరిది గ్లవ్సు మనిషి. నేను టేపే.

సామాను గురించి కూడా ఇక్కడే రాసేస్తా. చీలికలో తాడుకి ఆధారంగా పెట్టే స్ప్రింగు పరికరాలు క్యాములు. 1970ల చివర్లో రే జార్డీన్ 'ఫ్రెండ్స్' పేరుతో అమ్మకానికి తెచ్చాకే ఇవి అందరికీ దొరికాయి. కోర్, ఇంగల్స్ ఎక్కిన నాటికి ఇవి లేవు, ఇనుప మేకులు కొట్టుకుంటూ పోయారు. క్యామ్ పళ్ల వంపు ఎలా ఉంటుందంటే, ఎంత తెరుచుకున్నా గోడని తాకే కోణం మారదు. జార్డీన్ వాడింది 13.75 డిగ్రీలు. కిందికి లాగే బలం పక్కలకి తోసే బలంగా మారుతుంది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. గ్రానైట్‌లో ఇది అద్భుతం. ఇసుకరాయి మెత్తన కాబట్టి గట్టిగా పడితే పళ్లు రాయిని గీరుకుంటూ కొంచెం జారొచ్చు. అందుకని ఇక్కడ రెండు మూడు క్యాములు పెట్టాల్సిన చోట ఒక్కటి చాలని పిసినారితనం చేయకూడదు, దగ్గర దగ్గరగా పెట్టుకోవాలి. మా దగ్గర ఎరుపు ఒకటో నంబరు, పసుపు రెండు, నీలం మూడు, బూడిదరంగు నాలుగు జతలుగా ఉన్నాయి. ఊదారంగు ఐదో నంబరు మాత్రం ఒక స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చాను. అది తెరిస్తే ఆరు అంగుళాలకి ఓ పిసరు తక్కువ. నడుముకి తగిలిస్తే నడిచినప్పుడల్లా మోకాలికి కొడుతుంది.

మార్చి, ఇండియన్ క్రీక్

చెక్క చాలు, రాయి కావాలనిపించింది. మోయాబ్‌కి దక్షిణంగా వెళ్లి 211 రోడ్డులో తిరిగితే ఇండియన్ క్రీక్. లోయకి రెండు పక్కలా ఎర్రటి వింగేట్ ఇసుకరాయి గోడలు, గోడ నిండా నిలువు చీలికలు. దారిలో న్యూస్‌పేపర్ రాక్ దగ్గర ఆగాం, ఒకే బండ మీద వందల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఈ ప్రాంతం బేర్స్ ఇయర్స్ నేషనల్ మాన్యుమెంట్‌లోది. హోపి, నవాహో, యూట్ మౌంటెన్ యూట్, యూట్, జూనీ తెగలు ఐదూ కలిసి దీన్ని కాపాడమని అడిగితే 2016లో ప్రకటించారు, మరుసటి ఏడాది బాగా కుదించారు, 2021లో మళ్లీ పూర్తిగా ఇచ్చారు. మార్చి నుంచి ఆగస్టు చివరి దాకా గద్దలు, డేగలు గూళ్లు పెట్టే గోడల వైపు రావద్దని బోర్డు ఉంటుంది. అవి వదిలేసి డొనెల్లీ క్యాన్యన్‌కి వెళ్లాం.

జెనరిక్ క్రాక్ అనే రూటు. పేరే అంత, ఒకే సైజు చీలిక అలా పైకి పోతూనే ఉంటుంది. బావమరిదికి అది చేత్తో కొలిచి చేసినట్టు సరిపోయింది, పాడుకుంటూ పోయాడు. నా చెయ్యి చిన్నది, ప్రతి జామ్‌లోనూ కొంచెం లూజు, పిడికిలి పెడదామంటే పట్టదు. అదే చీలిక ఒకడికి నిచ్చెన, ఇంకొకడికి కుస్తీ. అందుకే ఇక్కడి గ్రేడులని నేను ఎక్కువ పట్టించుకోను, ఎవరి చేతితో కొలిచారన్నది ఎవరూ రాయరు కదా. పాదాల సంగతి వేరే, బూటు పక్కకి తిప్పి చీలికలో పెట్టి నిటారుగా తిప్పితే బిగుసుకుంటుంది, దాని మీద బరువు వేస్తే చిటికెన వేలు ఏడుస్తుంది. ఒకే సైజు క్యాములు చాలా కావాలి, పక్కన ఎక్కుతున్నవాళ్లు అడగకుండానే రెండు ఇచ్చారు. ఈ లోయలో అదొక మర్యాద.

వెడల్పు చీలికలు కూడా పట్టాం. చెక్కలో నేర్చుకున్న మోచెయ్యి రాతిలో వెంటనే పని చేసింది, మడమ మాత్రం కాదు. చెక్క గోడలు సమాంతరంగా ఉంటాయి, రాయి లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది, వంకర తిరుగుతుంది, మడమకి చోటు వెతుక్కోవాలి.

రాత్రి టెంటు ముందు పులిహోర తింటూ బావమరిది మాన్యుమెంట్ వ్యాలీలో టోటెం పోల్ ఎక్కుదాం బావా అన్నాడు. ఆ స్తంభాన్ని 1957లో ఎక్కారు, అంతకు ముందు ఏడాది అరిజోనాలో స్పైడర్ రాక్‌ని కూడా. రెండూ నవాహో నేషన్ భూమి మీద ఉన్నాయి, స్పైడర్ రాక్ అయితే వాళ్లకి నేత నేర్పిన స్పైడర్ వుమన్ ఉండే చోటు. అక్కడ ఎక్కడం నిషేధం. "పాత ఫొటోలు చూసి ముచ్చటపడు, అంతవరకే" అన్నాను. యాదగిరిగుట్ట గోపురం మీద ఎవడైనా తాడేసుకుని ఎక్కితే మనం ఊరుకుంటామా?

ఏప్రిల్, వాన

లీవు పెట్టుకుని మోయాబ్ చేరాం. రాత్రంతా వాన. తెల్లారేసరికి ఎండ కాసింది, ఆకాశం నీలం, టవర్ గోడ చూస్తే పొడిగానే ఉంది. అయినా ఎక్కలేదు.

కారణం రాయిలోనే ఉంది. ఇసుక రేణువులని పట్టి ఉంచేది మధ్యలో ఉండే కాల్సైట్, బంకమట్టి లాంటి సన్నటి బంధం. నీళ్లు లోపలికి ఇంకగానే ఆ బంధం మెత్తబడుతుంది, రాయి బలం బాగా తగ్గిపోతుంది. వానలో నానిన మట్టిగోడని కాలితో తన్నితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. పట్టు విరుగుతుంది, క్యామ్ లోపల నుంచి రాయిని పెళ్లగించుకుని బయటికి వస్తుంది, మనకి దెబ్బ తగలడం ఒక్కటే కాదు, అరవై ఏళ్లుగా జనం ఎక్కుతున్న రూటు శాశ్వతంగా పాడైపోతుంది. పైపొర ఎండకి తొందరగా ఆరుతుంది, లోపల ఆరదు. ఇక్కడివాళ్లు 24 నుంచి 72 గంటలు ఆగమంటారు, చలిగా మబ్బుగా ఉంటే ఇంకా ఎక్కువ. ఒక సులువైన పరీక్ష ఉంది, గోడ కింద ఇసుకని వేళ్లతో తవ్వి చూడాలి, రెండు మూడు అంగుళాల కింద తడి తగిలితే రాయి కూడా తడే.

మేం తవ్వాం, తడి తగిలింది. మా కళ్ల ముందే ఒక జట్టు తాళ్లు భుజానేసుకుని గుట్ట ఎక్కడం మొదలెట్టింది. దూరం నుంచి వచ్చాం, లీవు అయిపోతోంది అన్నారు. మాకు మాత్రం అవదా! చెప్పి చూశాం, వినలేదు, ఏం చేస్తాం.

ఆ ఖాళీలో ఫిషర్ టవర్స్ చూడటానికి నడిచాం, దగ్గరే. అది మరీ విచిత్రం. వింగేట్ కాదు, కట్లర్ అనే ముదురు ఎరుపు రాయి, పైనుంచి మట్టి కారి తెరలు తెరలుగా గట్టిపడి ఉంటుంది. వాటిలో పెద్దది టైటన్, 900 అడుగులు. దాన్ని 1962లో మొదట ఎక్కింది మళ్లీ కోర్, ఇంగల్స్, వాళ్లతో జార్జ్ హర్లీ. అక్కడే కోబ్రా అని పడగలాంటి బండ ఒకటి సన్న మెడ మీద నిలబడి ఉండేది, జనం దాన్నీ ఎక్కేవాళ్లు. 2014లో గట్టి వానలకి పడగ రాలిపోయింది. మొండెం చూపించి "ఇంకా ఎక్కుతావా తడి రాయి?" అన్నాను. బావమరిది మాట్లాడలేదు.

టవర్ ఎందుకు అక్కడ ఒంటరిగా నిలబడిందో కూడా ఈ ఖాళీలోనే అర్థం చేసుకున్నా. వింగేట్ అంటే సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి ఇసుక దిబ్బలు, గాలి తెచ్చి పోసినవి, గట్టిపడి రాయి అయ్యాయి. ఈ ప్రాంతం అడుగున ఇంకా పాత ఉప్పు పొరలు మందంగా ఉన్నాయి. బరువు కింద ఉప్పు నెమ్మదిగా పాకి పైకి ఉబ్బింది, పైనున్న రాయి వంగి నిలువునా పగిలింది, తర్వాత నీళ్లు దిగి ఉప్పు కరిగిపోతే మధ్య భాగం కుంగింది. ఆ కుంగిన భాగమే క్యాజిల్ వ్యాలీ. గోడ కింద ఉన్న మెత్తటి చిన్‌లీ, మోయెంకోపి పొరలు కొట్టుకుపోతుంటే పైన వింగేట్ ఆ నిలువు పగుళ్ల వెంట పలకలు పలకలుగా ఊడి పడుతుంది. అలా ఊడగా మిగిలిందే టవర్, అది ఊడటానికి దారితీసే పగులే మనం ఎక్కే చీలిక.

ఇసుక తడి తగ్గలేదు, లీవు అయిపోయింది. టవర్‌ని తాకకుండా డెన్వర్ తిరిగొచ్చాం. ఐ-70 మీద ఆరు గంటలూ కారులో పాటలే.

ఏప్రిల్ ఆఖరు, టవర్

వారం రోజులుగా వాన లేదు, తవ్వితే ఇసుక పొడిగా జారుతోంది. గాలి మాత్రం ఉంది.

చీకటుండగానే బయల్దేరాం. 128 రోడ్డు కొలరాడో నది పక్కనే పోతుంది, తర్వాత కుడికి తిరిగి క్యాజిల్ వ్యాలీ రోడ్డు. టవర్ కింద భూమి ఇళ్ల స్థలాలు కాకుండా యూటా ఓపెన్ ల్యాండ్స్ అనే సంస్థ కొని కాపాడింది, క్యాంపు చేసుకునే చోటు అందులోనే. గుట్ట మీదికి కాలిబాట దాటకుండా నడవాలి, పక్కన నల్లగా పొక్కులుగా కనిపించే నేల ప్రాణమున్న పొర, ఇసుకని పట్టి ఉంచేది అదే, ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. మలవిసర్జనకి సంచి తీసుకెళ్లాలి, వెనక్కి మోసుకు రావాలి. మనవాళ్లు ఇది వినగానే మొహం ముడుచుకుంటారు గానీ ఎడారిలో ఏదీ కుళ్లదు, అలాగే ఉండిపోతుంది.

మొదటి రెండు పిచ్‌లు బావమరిది హాయిగా పోయాడు, చిమ్నీ (మనిషి దూరేంత వెడల్పు చీలిక), చేతి చీలికలు, నిలబడి ఊపిరి తీసుకునే చోట్లు. రాయడానికి పెద్దగా ఏం లేదు. గాలికి మాట వినపడదు కాబట్టి తాడు సైగలు ముందే అనుకున్నాం, మూడు గుంజుళ్లు అంటే నేను యాంకర్‌కి, అంటే పిచ్ చివర ఉండే ఆధారానికి, కట్టుకున్నాను, నువ్వు రావచ్చు అని.

మూడో పిచ్. దూరం నుంచి చూస్తే తెల్లటి చార, దగ్గరికి వెళ్తే ఆ తెలుపు అంతా కాల్సైట్. ఎడమ భుజం లోపలికి పెట్టి దూరాను, హెల్మెట్ తగిలింది, తల ఏ వైపు చూడాలో ముందే నిర్ణయించుకోవాలి, తర్వాత తిప్పలేం. ఊదా క్యామ్‌ని తల పైన పెట్టి, నేను పైకి జరిగాక దాన్ని కూడా పైకి తోసి, మళ్లీ నేను, మళ్లీ అది. ఇలా నెట్టుకుంటూ పోతే కింద ఏమీ మిగలదు, అందుకని రాతిలో దిగేసిన పాత బోల్టు దొరికిన చోట తాడు క్లిప్ చేసి కొంచెం ప్రాణం కుదుటపడింది. మోచెయ్యి పట్టింది. చెక్క మీద కావాలని నున్నగా వదిలిన పలక ఇక్కడ పనికొచ్చింది, అరచేయి కాల్సైట్ మీద జారుతుందని ఒంటికి ముందే తెలుసు, భుజాన్ని ఇంకొంచెం ఎక్కువ తోశాను. కాల్సైట్ అంచులు అక్కడక్కడ పలచగా బయటికి పొడుచుకుని ఉంటాయి, బయటి కాలికి అవే దిక్కు.

కష్టమైన చోట మడమ నిలవలేదు. జారింది, అంగుళం దిగాను, ఛాతీ బిగుసుకుని ఆగిపోయాను. కింద నుంచి బావమరిది అరుపు, "బావా, ఊపిరి తీసుకో!"

"తీసుకుంటేనే ఇరుక్కుంటున్నా రా!"

వాడి నవ్వు గాలిలో కూడా వినపడింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వితే గాలి బయటికి పోయింది, ఒళ్లు వదులైంది, కాలు ఇంకాస్త లోపలికి పెట్టి చూస్తే అక్కడ చీలిక ఇరుకై మడమ పట్టింది. ఇండియన్ క్రీక్‌లో వెతుక్కోవడం అలవాటైన ఇరుకు అది. దాని మీద లేచి నిలబడ్డాను, మోచెయ్యి మార్చాను, ఇంకో జరుగు, ఇంకోటి, పైన చీలిక వెడల్పై మనిషి పట్టేంత అయింది. యాంకర్ దగ్గర కూర్చుని చూసుకుంటే మోచేతి ప్యాడు మణికట్టు దాకా జారిపోయి ఉంది, జీన్సు తొడ దగ్గర చిరిగింది. బావమరిది నా తర్వాత, పై నుంచి తాడు ఉండగా ఎక్కి వచ్చాడు, సన్నగా ఉన్నాడు కదా అని సులువవుతుందనుకున్నా, బిగించుకోవడానికి ఒళ్లు చాలక వాడు నాకంటే ఎక్కువ కష్టపడ్డాడు. కొంచెం సంతోషించిన మాట నిజం.

నాలుగో పిచ్ చిన్నది, ఎక్కేశాం.

పైన బల్లపరుపుగా ఉంటుంది. 1964లో షెవర్లే వాళ్లు ప్రకటన కోసం ఒక ఇంపాలా కారుని హెలికాప్టర్‌తో ఇక్కడ పెట్టించారు, పక్కన ఒక మోడల్‌ని కూడా. నేను నాలుగు నెలలు గ్యారేజీలో దొర్లి చేరుకున్న చోటికి కారు వచ్చిందని చెబితే మా ఆవిడ ఏమంటుందో ఊహించగలను. ఒక దిక్కున లా సాల్ కొండల మీద మంచు, ఇంకో దిక్కున రెక్టరీ, ప్రీస్ట్ టవర్లు. యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఎక్కేవాళ్లతో భూకంపాలు కొలిచే యంత్రాలు ఇక్కడికి మోయించి, టవర్ సెకనుకి 0.8 నుంచి 1 సారి దాకా కంపిస్తూ ఉంటుందని తేల్చారు, గాలి, దూరపు భూకంపాలు, మనుషుల పనులు, అన్నీ దాన్ని కదుపుతాయట. ఆ కదలిక చాలా చిన్నది, ఒంటికి తెలియదు. బావమరిది బోర్లా పడుకుని చెవి ఆనించి మరీ చూశాడు. గాలి తప్ప ఏమీ లేదన్నాడు.

దిగడం ఉత్తరం వైపు, రెండు తాళ్లు ముడేసి రాపెల్, అంటే తాడు మీద జారుతూ దిగడం. మధ్యలో ఒకసారి తాడు లాగుతుంటే గాలి దాన్ని పక్కకి విసిరి ఒక పలక వెనక ఇరికించింది. బయటికి పక్కగా నడిచి ఊపి ఊపి లాగితే వచ్చింది, ఈలోగా ఇద్దరం మాట్లాడుకున్నది ఇక్కడ రాయలేను.

మే మొదటి వారం, సామాను

క్యాముల్లో ఇసుక కరకరమంటోంది. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు, పాత టూత్‌బ్రష్, ట్రిగర్ లాగుతూ వదులుతూ కడగాలి, పూర్తిగా ఆరాక ఇరుసు దగ్గర మైనపు లూబ్రికెంటు. నూనె వద్దు, ఇసుకని పిలిచి మరీ అతికించుకుంటుంది. అప్పు తెచ్చిన ఊదా క్యామ్ పళ్లు చూశాను, బాగానే ఉన్నాయి, తిరిగిచ్చేశాను. స్లింగుల్లో (క్యాముకీ తాడుకీ మధ్య తగిలించే పట్టీలు) రెండు కాల్సైట్ అంచుకి ఒరుసుకుని పోగులు లేచాయి, కత్తిరించి పారేశాను. తాడు మొత్తం చేతివేళ్ల మధ్య నుంచి పోనిచ్చి చూశాం, ఒక కొస దగ్గర మెత్తగా తగిలింది, అక్కడికి రెండు గజాలు కోసేశాం. బావమరిది గ్లవ్సు ఇంకో సీజనుకి రావు, వాడు ఈసారి టేపు చుట్టుకుంటానంటున్నాడు.